నల్లగొండ ఓటు లెక్క

మన జిల్లాలో రచ్చబండ వద్ద పెద్దలు చెప్పెడి మాట యొకటి కలదు: “మన రావి నారాయణరెడ్డిగారు నెహ్రూగారిని మించినారు.” ఈ మాట యెంతవరకు నిజమో రజతోత్సవ సందర్భమున సరిచూచుట యుచితమని తోచినది.

నిజాము పాలనలో గస్తీ నిషాన్ 53 అను నుత్తరువు వలన సర్కారు అనుమతి లేనిదే సభ జరుపుట దుర్లభము. అట్టి కాలమున గ్రంథాలయములే మనకు సభాస్థలములైనవి. 1918లోనే నల్లగొండ, సూర్యాపేటలయందు గ్రంథాలయములు వెలసినవి. 1930లో జోగిపేటయందు తొలి ఆంధ్ర మహాసభ జరిగెను. 1941లో చిలుకూరు మహాసభకు బొల్లేపల్లి వాస్తవ్యులైన నారాయణరెడ్డిగారు అధ్యక్షులైరి.

1946లో రగిలిన సాయుధ పోరాటమును 1951 అక్టోబరులో విరమించిరి. కొలది నెలలలోనే తొలి సార్వత్రిక ఎన్నికలు వచ్చినవి. హైదరాబాదు రాష్ట్రమున కమ్యూనిస్టు పార్టీపై నిషేధముండుటచే వారు పీపుల్స్ డెమొక్రాటిక్ ఫ్రంటు పేర నిలిచిరి. నిన్న తుపాకి పట్టినవారు నేడు ఓటడుగ వచ్చిరి.

అక్షరము రానివారికొరకు ప్రతి అభ్యర్థికి గుర్తు అంటించిన వేరు పెట్టె యుండెను. చీటిపై గీత గీయనక్కరలేదు. మెచ్చిన పెట్టెలో వేసిన చాలును. ఇరువదియొక్క యేండ్లు నిండిన స్త్రీ పురుషులందరు ఓటర్లే. బ్రిటనులో స్త్రీలకు పురుషులతో సమానమైన ఓటు 1928లో గాని రాలేదు. మన దొడ్డిలో పేడ యెత్తిన తల్లికి, గడీలోని దొరకు తొలి ఎన్నికయందే ఒకే విలువ కలిగెను.

ఇక లెక్క. నారాయణరెడ్డిగారికి వచ్చిన ఓట్లు 3,09,162, నెహ్రూగారికి 2,33,571. నల్లగొండ ద్విసభ్య నియోజకవర్గము. ఓటరునకు రెండేసి ఓట్లు. కావుననే అంత పెద్ద మొత్తమని కొందరందురు. అయితే నెహ్రూగారు నిలిచిన స్థానమును ద్విసభ్యమే. పైగా రెండు ఓట్లును ఒక్కరికే వేయుటకు వీలులేదు. కనుక పోలిక న్యాయమైనదే. రెండవదగు రిజర్వు స్థానమును గూడ అదే ఫ్రంటుకు చెందిన సుంకం అచ్చాలుగారు గెలిచిరి. నారాయణరెడ్డిగారు భువనగిరి శాసనసభా స్థానమునుండియు నెన్నికై, లోకసభనే యెంచుకొనిరి.

అయితే ఒక్క సవరణ: మించినది వచ్చిన ఓట్లలో. దానిని ఆధిక్యమని చెప్పరాదు. ఆధిక్యమనగా ఓడినవారి ఓట్లు తీసివేయగా మిగిలినది. పెద్దల మాట తప్పు కాదు, కాని మాటను లెక్కతో గూడ చెప్పిననే నిలుచును. చదివి సరిచూచుకొను నలవాటును మనకు నేర్పినది ఈ గ్రంథాలయమే. ఓటునకు విలువ నిలుపునదియు ఆ యలవాటే.