బండి కదిలినా నిలిచే వసారా

బ్రిటన్‌లో క్యాంపర్‌వ్యాన్ వేసుకుని సెలవులకు వెళ్లేవాళ్లకు పొద్దున్నే ఎదురయ్యే ఇబ్బంది ఒకటుంది. పాలు అయిపోతాయి. దుకాణం మూడు మైళ్ల దూరం. వెళ్లడానికి ఉన్నది ఒకే బండి. అందులో పిల్లలు ఇంకా నిద్రలేవలేదు, పైకప్పు ఎత్తి ఉంది, పొయ్యి మీద టీ కాగుతోంది. పాలు తేవాలంటే పరుపులు చుట్టి, కప్పు దించి, గిన్నెలు సర్ది, మొత్తం ఇల్లే బయల్దేరాలి. గాలి కొట్టి నిలబెట్టే డ్రైవ్ అవే ఆనింగ్ ఈ చిక్కు తీర్చడానికే వచ్చింది. వ్యాను తలుపు పక్కన వసారాలా అతుక్కుని ఉంటుంది. వ్యాను వెళ్లిపోయినా పడిపోదు.

నిజానికి ఈ చిక్కు మొదట్లో లేదు. గుర్రాల కాలంలో ఇల్లు వేరు, లాగే గుర్రం వేరు. బ్రిటిష్ నౌకాదళంలో వైద్యుడిగా చేసి, పిల్లల సాహస కథలు రాసి పేరు తెచ్చుకున్న విలియం గోర్డన్ స్టేబుల్స్ 1885లో బ్రిస్టల్ వ్యాగన్ వర్క్స్ కంపెనీ చేత ఒక బండి కట్టించుకున్నాడు. దానికి ‘వాండరర్’ అని పేరు పెట్టాడు. బతుకుతెరువు కోసం కాకుండా కేవలం విహారానికి కట్టించిన తొలి కారవాన్ అదేనంటారు. రెండు టన్నుల దరిదాపు బరువుండే ఆ చెక్క ఇంటిని రెండు గుర్రాలు లాగుతుంటే, ఇంగ్లండ్‌లోని ట్వైఫర్డ్ నుంచి స్కాట్లండ్‌లోని ఇన్వర్నెస్ దాకా వెళ్లాడు. ఇరుకు దారుల్లో ఎదురొచ్చే బళ్లను హెచ్చరించడానికి పనివాడు మూడు చక్రాల సైకిల్ తొక్కుతూ ముందు వెళ్లేవాడు. సాయంత్రం ఏ రైతు పొలంలోనో ఆగి గుర్రాలను విప్పేస్తే, బండి ఇల్లుగా మారిపోయేది. ఊళ్లో పని ఉంటే ఇంటిని కదిలించే అవసరమే లేదు.

మోటారు వచ్చాక కూడా కొంతకాలం ఇలాగే సాగింది. 1919లో బర్మింగ్‌హామ్‌లో ఎక్లెస్ కంపెనీని కొన్న రైలీ తండ్రీకొడుకులు కారు వెనక తగిలించే కారవాన్ల తయారీకి దిగారు. కొక్కెం విప్పితే చాలు, కారవాన్ చెట్టు కింద ఉండిపోతుంది, కారు ఊళ్లోకి వెళ్లిపోతుంది. ఇంజిను, పడక రెండూ ఒకే రేకు డబ్బాలోకి చేరినప్పుడే చిక్కు మొదలైంది. ఆ తర్వాత ఆనింగ్‌లో వచ్చిన ప్రతి మార్పునూ, అలా కలిసిపోయిన ఇంటినీ బండినీ మళ్లీ విడదీసే ప్రయత్నంగా చూస్తేనే దాని చరిత్ర సరిగ్గా అర్థమవుతుంది.

1947 ఏప్రిల్ 23న డచ్ కార్ల వ్యాపారి బెన్ పోన్ తన నోటుపుస్తకంలో ఒక బొమ్మ గీశాడు. జర్మనీలోని వోల్ఫ్స్‌బుర్గ్ ఫ్యాక్టరీలో సామాన్లు మోయడానికి కార్మికులు వాడే చదునైన బండిని చూసి పుట్టిన ఆలోచన అది. ఇంజిను వెనక, డ్రైవరు ముందు, నడుమ అంతా ఖాళీ. 1950 మార్చి 8న ఫోక్స్‌వ్యాగన్ ఈ టైప్ 2 వ్యాను తయారీ మొదలుపెట్టింది. పొడవు సుమారు 4.28 మీటర్లు, ఇంజిను బలం 25 గుర్రాలు.

1844లో కమ్మరి కొలిమిగా మొదలైన వెస్ట్‌ఫాలియా అనే జర్మన్ సంస్థ 1951లో ఈ వ్యానుకు ‘క్యాంపింగ్ బాక్స్’ తెచ్చింది. మంచం, అర, బల్ల కలిసొచ్చే చెక్క సామాను అది. వారమంతా సరుకులు మోసిన వ్యానులో శనివారం ఆ పెట్టె ఎక్కిస్తే ఇల్లు, సోమవారం దించితే మళ్లీ సరుకుల బండి. యుద్ధంలో చితికిపోయిన దేశంలో రెండు బళ్లు కొనే స్తోమత ఎంతమందికి ఉంటుంది! బండి నుంచి ఇంటిని విడదీసిన తొలి ఉపాయం ఇదే. అందులోని తెలివికి తగ్గ గుర్తింపు రాలేదనే చెప్పాలి. తర్వాత వచ్చిన మోడళ్లలో మంచాలూ అరలూ స్థిరంగా బిగించేశారు, ఆ వెసులుబాటు పోయింది.

ఇంగ్లండ్‌లో కథ కొంచెం వేరు. డెవన్ తీరంలోని సిడ్‌మౌత్‌లో ఇళ్లు కట్టే జాక్ వైట్ 1956లో తన కుటుంబం కోసం ఒక ఫోక్స్‌వ్యాగన్‌ను క్యాంపర్‌గా మార్చుకున్నాడు. చూసినవాళ్లు మాకూ కావాలనడంతో మరుసటి ఏడాదికి అదే వ్యాపారమైంది. కెంట్‌లోని ఫోక్‌స్టన్‌లో, 1773లో గుర్రపు జీనులు, పట్టెడలు చేసే దుకాణంగా మొదలైన మార్టిన్ వాల్టర్ సంస్థ బెడ్‌ఫర్డ్ వ్యాన్లను ‘డార్మొబైల్’ పేరుతో పడక బళ్లుగా మార్చింది. ఒక పక్క కీలు మీద లేచే చారల గుడ్డ కప్పు వాటి ఆనవాలు.

ఇవి ఇళ్లా, సరుకుల బళ్లా అన్నది చట్టానికే అంతుపట్టలేదు. అప్పట్లో సరుకుల బండి అయితే గంటకు 30 మైళ్లు దాటకూడదనేవారు. ఆస్ట్రియాలో పుట్టి ఇంగ్లండ్‌లో స్థిరపడిన పీటర్ పిట్ అనే క్యాంపర్ల తయారీదారు, వాణిజ్య వాహనాలకు ప్రవేశం లేని విండ్సర్ రాజోద్యానంలోకి కావాలనే తన వ్యాను నడిపి కేసు పెట్టించుకున్నాడనీ, తన వ్యాను సరుకుల బండి కాదని వాదించి నెగ్గాడనీ మోటార్ కారవాన్ల చరిత్ర చెప్పేవాళ్లు ఇప్పటికీ ఇష్టంగా చెబుతారు.

వ్యాను ఇల్లయింది సరే, అది ఇరుకు ఇల్లు. మీటరుంముప్పావు వెడల్పులో నలుగురు పడుకోవచ్చేమో గానీ, వాన పడే రోజున నలుగురు కూర్చుని తినలేరు. అందుకే 1950ల నుంచే వ్యాను పక్కన చారల కాన్వాస్ గుడ్డ దిగింది. టైప్ 2 కప్పు చుట్టూ వాన నీళ్లు జారడానికి చూరు లాంటి గాడి ఒకటి ఉండేది. గుడ్డ ఒక అంచును దానికి తగిలించి, రెండో అంచును రెండు రాటల మీద లేపి, తాళ్లు లాగి మేకులు కొట్టేవారు. నీడ దొరికింది, చోటు పెరిగింది. కానీ ఆ వసారాకు ఒక గోడ వ్యానే. వ్యాను కదిలిందా, వసారా కూలినట్టే.

నాలుగు పక్కలా సొంత కాళ్లున్న గుడారాన్ని వ్యాను పక్కన నిలబెట్టి, రెంటినీ ఒక గుడ్డ దారితో కలిపితే సరిపోతుందన్న ఉపాయం తర్వాత వచ్చింది. 1970ల నాటికి వెస్ట్‌ఫాలియా వారి క్యాంప్‌మొబైల్ అనే క్యాంపర్‌తో అలాంటి గుడారం దొరికేది. 1967లో వచ్చిన కొత్త టైప్ 2కు పక్కకు జరిగే తలుపు ఉండటం కూడా కలిసొచ్చింది. బయటికి తెరుచుకునే జంట తలుపులైతే గుడారం గుడ్డను తన్నేవి.

ఇక మిగిలింది రాటల బాధ. ఇనుప గొట్టాలు ఒక సంచెడు. ఏది దేనిలో దూరుతుందో తెలియడానికి రంగు టేపులు, అంకెలు. తడిసి బరువెక్కిన కాన్వాస్‌ను ఒకరు ఎత్తి పట్టుకుంటే, ఇంకొకరు కింద దూరి గొట్టాలు తగిలించేవారు. ఒక్క కీలు ముక్క ఇంట్లో మరిచిపోతే సెలవు చెడినట్టే. తర్వాత వచ్చిన ఫైబర్‌గ్లాస్ కడ్డీలు తేలికే గానీ, ఈదురుగాలికి చీలి గుడ్డను చించేవి.

రాటలకూ కడ్డీలకూ బదులు మిగిలింది గాలే. గాలితో బరువు మోయించడం అప్పటికే పాత విద్య. రాబర్ట్ థామ్సన్ 1845లోనే గాలి టైరుకు పేటెంటు తీసుకున్నాడు. బెల్‌ఫాస్ట్‌లో ఉండే జాన్ బాయ్డ్ డన్‌లప్ 1888లో దాన్ని మళ్లీ కనిపెట్టి లోకానికి అలవాటు చేశాడు. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో ఆంగ్ల ఇంజనీరు ఫ్రెడరిక్ లాంచెస్టర్ స్తంభాలు లేకుండా గాలి ఒత్తిడితోనే నిలిచే యుద్ధరంగ ఆసుపత్రి గుడారానికి పేటెంటు పొందాడు. అది ఎన్నడూ కట్టలేదు. గాయపడిన సైనికులను తలుచుకుంటే ఆ కాగితం మీది గుడారం ఇప్పటికీ బాధ కలిగిస్తుంది.

ఆనింగ్‌కు అసలైన పూర్వీకుడు కనిపించేది జపాన్‌లో. 1970 ఒసాకా ప్రపంచ ప్రదర్శనలో యుతాకా మురాతా రూపకల్పన చేసిన ఫూజీ గ్రూప్ పెవిలియన్ పూర్తిగా గాలి విల్లులతో నిలిచింది. ఒక్కోటి 4 మీటర్ల మందం, 78 మీటర్ల పొడవు ఉన్న 16 గుడ్డ గొట్టాలను పక్కపక్కనే వంచి నిలబెట్టారు. ఈదురుగాలి వస్తే లోపలి ఒత్తిడి పెంచేవారు. అంత లావు గొట్టానికి కొద్దిపాటి ఒత్తిడి చాలు. సన్నగా చేసేకొద్దీ అదే బిగువు కోసం ఒత్తిడి బాగా పెంచాలి, గుడ్డా కుట్టూ దాన్ని తట్టుకోవాలి. నలుగురి కుటుంబం కారు డిక్కీలో పట్టే సైజుకు ఆ గొట్టం రావాలంటే తేలికగా ఉండి గాలి వదలని ప్లాస్టిక్ పొర కావాలి, అదీ చవగ్గా దొరకాలి.

ఆ పని చేసింది టీపీయూ అనే పాలీయురెథేన్ పొర. 2011లో జర్మన్ సంస్థ హైంప్లానెట్ ‘ది కేవ్’ అనే గాలి గుడారంతో చాలామంది కళ్లను తనవైపు తిప్పుకుంది. స్కాట్లండ్ సంస్థ వాంగో ‘ఎయిర్‌బీమ్’, ఇంగ్లండ్ సంస్థ కాంపా గాలి ఆనింగ్‌లు 2010లలో బ్రిటన్ క్యాంప్‌సైట్లలో మామూలు దృశ్యమయ్యాయి.

లోపలి అమరిక సైకిల్ చక్రం లాంటిదే. గాలి పట్టే మెత్తని ట్యూబు లోపల, అది ఉబ్బిపోకుండా పట్టుకునే గట్టి నేత తొడుగు బయట. తొడుగుకు జిప్పు ఉంటుంది. చాలా వాటికి 7 పీఎస్ఐ దరిదాపు ఒత్తిడి చాలు, కారు టైరుకు పట్టేదాంట్లో నాలుగో వంతు కూడా కాదు. గుడ్డ పరిచి, నాలుగు మూలలా మేకులు కొట్టి, చేతి పంపుతో కొడుతుంటే ముడతలుపడి పడున్న గుడ్డ నడుం ఎత్తుతుంది. ఒక మనిషి, ఓ పావుగంట, అంతే. చలి పొద్దున 10 డిగ్రీల దగ్గర 7 పీఎస్ఐ దాకా కొట్టిన గొట్టం మధ్యాహ్నపు ఎండకు 40 డిగ్రీలకు చేరితే 9 దాటుతుంది. అందుకే ఎండ ముదిరితే కొంచెం గాలి వదలమంటారు.

వ్యానుతో కలిసే చోటు చూడదగ్గది. చూరు గాడి లేని కొత్త వ్యాన్ల కప్పు అంచున సన్నని అల్యూమినియం పట్టా బిగిస్తారు. ఆనింగ్ గుడ్డ దారి అంచుకు 6 మిల్లీమీటర్ల లావు తాడు లాంటి కుట్టు ఉంటుంది. రెండు అంచులకూ అలాంటి కుట్టే ఉన్న ఒక గుడ్డ ముక్క ఒక అంచు వ్యాను పట్టాలో దూరుతుంది. దాని రెండో అంచునూ గుడ్డ దారి అంచునూ 8 అంకె ఆకారంలో ఉండే ప్లాస్టిక్ పట్టీ కలుపుతుంది. వెళ్లేటప్పుడు ఆ పట్టీని జారలాగి, గుడ్డ దారి మూసేస్తే చాలు. తిరిగొచ్చి సరిగ్గా అక్కడే ఆపడానికి కొందరు ముందు చక్రం దగ్గర ఒక మేకు కొట్టి ఉంచుకుంటారు. కొనేటప్పుడు వ్యాను ఎత్తు చూసుకోవాలి. పొట్టి ఫోక్స్‌వ్యాగన్‌కు, నిలువెత్తు ఫియట్ డుకాటోకు ఒకే గుడ్డ దారి సరిపోదు.

ఆనింగ్ గదిలా మూసుకుంటుంది కాబట్టి ఒక ప్రమాదం కూడా వచ్చి చేరింది. చలికి తాళలేక ఆరీఆరని బొగ్గుల పొయ్యిని లోపలికి తెచ్చుకుని, కార్బన్ మోనాక్సైడ్‌కు ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లున్నారు. ఆ వాయువుకు వాసన లేదు. క్యాంపింగ్ క్లబ్బులు ఏటా ఈ హెచ్చరిక చేస్తూనే ఉన్నాయి, ఎన్నిసార్లు చేసినా ఎక్కువ కాదు.

గాలి పోతే ఎలా అన్నది కొత్తవాళ్ల మొదటి భయం. ఒక్క చోట గాలి కొడితే అన్ని గొట్టాలూ నిండే రకాలకు చాలావరకు గొట్టానికీ గొట్టానికీ మధ్య మూసుకునే మరలుంటాయి. నిండాక వాటిని మూసేస్తే, ఒకటి కారినా మిగతావి నిలబడతాయి. కారేదాని జిప్పు తీసి, ట్యూబు బయటికి లాగి, సబ్బు నీళ్లు పూసి బుడగ ఎక్కడ లేస్తుందో చూసి అతుకు వేస్తారు. అతుకు నిలవకపోతే ఆ ఒక్క ట్యూబునే ఆనింగ్ మోడలు పేరు చెప్పి తెప్పించుకుని మార్చుకుంటారు.