ఓటు వాటా, సీటు వాటా: లోక్‌సభ ఎన్నికల్లో ప్రాతినిధ్య లోపం – ఒక పరిశీలన

ఉపోద్ఘాతం

1984 డిసెంబరు లోక్‌సభ ఎన్నికల్లో భారతీయ జనతా పార్టీకి దేశం మొత్తం మీద సుమారు 7.7 శాతం ఓట్లు పడ్డాయి. గెలిచినవి 2 స్థానాలు. వాటిలో ఒకటి హనుమకొండ. తెలుగుదేశానికి దాదాపు 4 శాతం ఓట్లే వచ్చినా 30 స్థానాలు దక్కాయి. తెలుగుదేశం ఓట్లు ఒకే రాష్ట్రంలో కుదురుకున్నాయి, భాజపా ఓట్లు అనేక రాష్ట్రాల్లో చెదిరిపోయాయి. ఓట్లు ఎన్ని పడ్డాయన్నది ఒక ఎత్తు, ఎక్కడ పడ్డాయన్నది మరో ఎత్తు. ఈ అసమానతకు కారణాలనూ, దాన్ని తగ్గించే మార్గాన్నీ చర్చించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

లోపం స్వరూపం

నియోజకవర్గంలో మిగిలిన ప్రతి అభ్యర్థి కంటే ఒక్క ఓటు ఎక్కువ వస్తే చాలు, గెలిచినట్టే. ఓడిన అభ్యర్థులకు పడిన ఓట్లు సీట్ల లెక్కలోకి రావు. 2014లో బహుజన సమాజ్ పార్టీకి 4 శాతానికి పైగా ఓట్లు వచ్చినా ఒక్క స్థానమూ రాలేదు, 3.3 శాతం వచ్చిన అన్నా డీఎంకే తమిళనాడులో 37 స్థానాలు గెలిచింది. ఆ ఏడాదే భాజపా 31 శాతం ఓట్లతో 282 స్థానాలు సాధించింది.

ఈ నష్టం ఏ ఒక్క పక్షానిదో కాదు. ఆంధ్రప్రదేశ్‌లోని 25 లోక్‌సభ స్థానాల్లో 2019లో తెలుగుదేశం సుమారు 40 శాతం ఓట్లతో 3 గెలిచింది. 2024లో వైఎస్సార్ కాంగ్రెస్ ఇంచుమించు అంతే వాటాతో 4 గెలిచింది. ఓట్ల నిష్పత్తిలో చూస్తే ఇద్దరికీ తలా 10 రావాలి.

అభ్యంతరాలు

1949 జనవరి 4న రాజ్యాంగ సభలో కాజీ సయ్యద్ కరీముద్దీన్ దామాషా ప్రాతినిధ్యం కోరుతూ సవరణ ప్రతిపాదించారు. నిరక్షరాస్యతనూ ప్రభుత్వ సుస్థిరతనూ దృష్టిలో ఉంచుకుని అంబేడ్కర్ దాన్ని వ్యతిరేకించారు. అక్షరాస్యత విషయంలో నాటి పరిస్థితి నేడు లేదు. సుస్థిరత ప్రశ్న మాత్రం నేటికీ బరువైనదే. అందుకే పూర్తి దామాషా కాక, నియోజకవర్గ స్థానాలతో పాటు కొన్ని పార్టీ జాబితా స్థానాలూ ఉండే మిశ్రమ పద్ధతి మనకు తగినది.

ప్రత్యామ్నాయం

న్యూజిలాండ్‌లో 1978, 1981 ఎన్నికల్లో ఎక్కువ ఓట్లు వచ్చిన లేబర్ పార్టీ ప్రతిపక్షంలో కూర్చోవలసి వచ్చింది. 1993 ప్రజాభిప్రాయ సేకరణలో ఓటర్లు మిశ్రమ పద్ధతిని ఎంచుకున్నారు. 1996 నుంచి అది అమలులో ఉంది. మన దేశంలో జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి అధ్యక్షతన లా కమిషన్ 1999లో ఇచ్చిన 170వ నివేదిక, ఉన్న స్థానాలకు అదనంగా 25 శాతం స్థానాలను పార్టీ జాబితాల ద్వారా నింపాలని సూచించింది.

అయితే ఆ అదనపు స్థానాలను పంచే తీరులోనే కీలకం ఉంది. ఆంధ్రప్రదేశ్‌కు 6 స్థానాలు చేరాయనుకుందాం. వాటిని విడిగా, ఓట్ల నిష్పత్తిలో పంచితే 40 శాతం ఓట్లతో 3 స్థానాలు గెలిచిన పార్టీకి మరో 2 చేరి 5 అవుతాయి. న్యూజిలాండ్‌లో లాగా తక్కువ పడ్డవారి లోటు పూడ్చడానికే వాడితే ఆ పార్టీ బలం 9కి చేరగలదు. నియోజకవర్గ ప్రతినిధి యథాతథంగా ఉంటాడు. జాబితాను పోలింగుకు ముందే ప్రకటించి, అందులో మహిళలకు ఒకటి విడిచి ఒకటి కేటాయిస్తే అధినేతల ఇష్టారాజ్యమూ తగ్గుతుంది.

ముగింపు

రాజ్యసభ సభ్యులను ఇప్పటికే దామాషా పద్ధతిలో ఎన్నుకుంటున్నాం. శాసనసభ్యుల ఓటుకు ఇచ్చిన ఆ న్యాయం సామాన్య ఓటరుకు ఇవ్వకపోవడానికి కారణం కనిపించదు. మండుటెండలో వరుసలో నిల్చున్న ప్రతి పదిమందిలో నలుగురి మాట 25 స్థానాల్లో మూడింటికి కుదించుకుపోతే, ఆ లోపం ఓటరుది కాదు, లెక్కది. లెక్కను సవరించే బాధ్యత పార్లమెంటుది.