మిగులు కట్టెల లెక్క

చెన్నపట్టణపు పాత తెలుగు కుటుంబములకు కట్టెల అడితి పరిచితమైన తావు. బకింగ్‌హాం కాలువపై పడవలలో సరుగుడు కట్టెలు వచ్చి చేరుచుండిన దినములలో ధర బేరమాడినవారే గాని, అడవిలో ఎంత నిలువ గలదో విచారించినవారు అరుదు. దొరతనమువారికి ఆ విచారము రైలుబండితో వచ్చెను.

1856 జూలై 1న రాయపురము నుండి వాలాజా రోడ్డు వరకు రైలు నడచెను. ఆ యేడే డాక్టరు క్లెగ్‌హార్న్ మద్రాసు రాజధానికి అటవీ సంరక్షకుడయ్యెను. పట్టాల క్రింది దిమ్మెలకును, ఇంజనుల పొయ్యికిని కలప కావలసివచ్చెను. అదే సంవత్సరమున బర్మాలోని పెగూ అడవులలో బ్రాండిస్ పండితుడు చెట్ల లెక్కకు పూనుకొనెను. ఆయన ఎడమచేత వెదురు పుల్లలు, కుడిచేత చాకు పట్టుకొని సాగుచు, దారిప్రక్క కనబడిన ప్రతి టేకుచెట్టుకు దాని లావును బట్టి ఆయా పుల్లపై ఒక గంటు పెట్టుచుండెనట. 1864లో భారతదేశపు తొలి అటవీ ఇన్‌స్పెక్టరు జనరలు ఆయనయే.

నిలిచిన చెట్టును లెక్కించుట ఒక యెత్తు. తోటను పలుచన చేసినపుడు పడబోవు కట్టెను ముందుగా అంచనా వేయుట మరియొక యెత్తు. అప్పటి మద్రాసు రాజధానికి చెందిన మలబారులో, నిలంబూరున, 1840 దశకమున కలెక్టరు కానొలీ పూనికతో చాతు మేనోన్ టేకు నాటించెను. అటువంటి తోటలో ఆరడుగుల ఎడముతో నాటిరనుకొందము. ఎకరమునకు 1,210 మొక్కలు. ఎదిగినకొలది అవి వెలుతురుకై పెనుగులాడును గనుక, బక్కవానిని అప్పుడప్పుడు తీసివేయవలెను. సగము చెట్లు తీసినచో సగము కలప వచ్చునని తొందరపడరాదు. ఎత్తు సమానమైనను, లావులో సగమున్న చెట్టున కలప నాలుగవ వంతే. తీసివేయబడునవి సన్ననివే కదా!

పేర్చిన కట్టెలోనూ ఒక మాయ కలదు. కుప్ప కొలతలో ఉజ్జాయింపుగా మూడింట రెండు వంతులే కలప, తక్కినది గాలి. వంకర కొమ్మలైనచో కలప ఇంకను తక్కువ. పచ్చికట్టె బరువులో సగము దాకా నీరే కావచ్చును. బండిబాట లేని లోయలో పడిన కట్టె కాగితముపై ఉండును, అడితికి రాదు. మానుకంటె బెరడు, ఆకులు, చిరుకొమ్మలలో నేలకు కావలసిన సారము మెండు. వానిని ఊడ్చుకొనిపోయిన తోట క్రమముగా నీరసించును గనుక, కొంత అక్కడనే విడువవలెను.

ఇన్ని తగ్గింపులు చేసిన గుమాస్తాకు సైతము ఒకటి కంటబడదు. కట్టెను 'మిగులు' అనుట కొనువాని మాట. అడవి అంచు పల్లెలలో ఆ పుల్లలే వంటచెరకు. 1882 మద్రాసు అటవీ చట్టముతో రిజర్వు హద్దులు ఏర్పడిన పిదప, పల్లెవారి వాడుక అనుమతికిని, రుసుముకును లోబడెను. పల్నాటిలో 1921లో రేగిన ఆందోళన ప్రధానముగా పశువుల మేతపై విధించిన పుల్లరిని గూర్చినదే; 1922 ఫిబ్రవరిలో కన్నెగంటి హనుమంతు కాల్పులలో నేలకొరిగెను. అయినను మేతకును కట్టెకును పల్లెవాడు పోవు అడవి ఒక్కటే.

కావున అంచనా వేయువాడు కూపులోనే గాక ఊరి పొలిమేరలోనూ నిలువవలెను. స్త్రీలు తెచ్చు తలమోపులను తూచి, దినమునకు ఎన్ని వచ్చుచున్నవో వ్రాసికొనవలెను. ఒక వారపు లెక్క చాలదు; వర్షాకాలమునకు ముందు ప్రతి యింటా కట్టె నిలువ చేసికొందురు గనుక ఆ మాసములలో మోపులు పెరుగును. ఈ మొత్తమును తీసివేసిన పిదపనే రైలుకో, కార్ఖానాకో ఎంత మిగులునో చెప్పవచ్చును.