ప్రభుత్వ క్వార్టర్లు (ఉత్తరాంధ్ర)

ఉద్యోగుల కోసం ప్రభుత్వం కట్టించే ఇళ్లను తెలుగునాట క్వార్టర్లంటారు. పోలీసు కుటుంబాలుండే వరసలకు మాత్రం ‘లైన్లు’ అన్న పాతమాటే నిలిచింది.

సిక్కోలు (శ్రీకాకుళం) సీమలో చిరుద్యోగికి సర్కారు ఇల్లు దక్కడానికి రైలు ఒక పెద్ద కారణం. 1890లలో కోస్తా వెంబడి పట్టాలు పడ్డాయి. శ్రీకాకుళం రోడ్ స్టేషను మాత్రం పట్టణానికి దూరంగా ఆమదాలవలసలో వెలిసింది. వేళకాని వేళ బండి వస్తే సిగ్నలు ఇవ్వాలి, గేటు వేయాలి. ఆ పనివాళ్లు పట్టాల పక్కనే ఉండక తప్పదు. ఇల్లు వాళ్లకు కానుక కాదు, కొలువులో భాగం.

1922 జనవరి 1న అమల్లోకి వచ్చిన ప్రభుత్వోద్యోగుల సర్వీసు నిబంధనలు (ఫండమెంటల్ రూల్స్) క్వార్టరు అద్దెకు జీతంలో పదో వంతును గరిష్ఠ పరిమితిగా పెట్టాయి. క్వార్టర్లో ఉన్నవారికి ఇంటి అద్దె భత్యం రాదు. బదిలీ అయినా, పదవీ విరమణ చేసినా గడువులోగా ఖాళీ చేయాలి. పిల్లల చదువు మధ్యలో ఉన్న కుటుంబాలకు ఈ నిబంధన ఎంత భారమో బదిలీల మీద బతికినవాళ్లకు తెలుసు.

1950 ఆగస్టు 15న విశాఖపట్నం జిల్లా నుంచి శ్రీకాకుళం జిల్లా విడివడింది. 1979 జూన్ 1న విజయనగరం జిల్లా ఏర్పడింది. కార్యాలయాలతోపాటు గుమాస్తాలూ వచ్చారు. కలెక్టరుకు బంగళా ఉంటుంది. గుమాస్తాల్లో ఎక్కువమందికి అద్దె వాటాలే దిక్కు. ఊరూరా కనిపించే ఎన్జీఓ కాలనీలు చాలావరకు సర్కారు ఇచ్చినవి కావు. నాన్ గెజిటెడ్ ఉద్యోగులు సొసైటీలు పెట్టుకుని, స్థలాలు కొని, అప్పులు చేసి కట్టుకున్నవి. పోలీసుల ఇళ్ల కోసం రాష్ట్రంలో 1971లో ప్రత్యేక కార్పొరేషన్ ఏర్పడింది.

ప్రాజెక్టులు ఏకంగా ఊళ్లనే పుట్టించాయి. నాగార్జునసాగర్‌లో హిల్ కాలనీ, పైలాన్ కాలనీ అలా వచ్చినవే. 1955లో విద్యుదుత్పత్తి మొదలైన మాచ్‌ఖండ్ ప్రాజెక్టు కోసం ఒడిశా కొండల్లోని ఒనకడిల్లీలో తెలుగు ఉద్యోగులు కాపురాలు పెట్టారు.

రాష్ట్ర విభజన తర్వాత 2016లో హైదరాబాద్ నుంచి అమరావతి ప్రాంతంలోని వెలగపూడికి వచ్చిన సచివాలయ ఉద్యోగులకు ఉమ్మడి వసతి చూపారు. అమరావతిలో వారికోసం తలపెట్టిన బహుళ అంతస్తుల భవనాల పని 2019 తర్వాత ఆగి, 2024లో ప్రభుత్వం మారాక తిరిగి కదిలింది.

అసలు అవసరం ఏజెన్సీలో కనిపిస్తుంది. సీతంపేట కొండల్లోని చిన్న ఊళ్లలో అద్దెకు ఇల్లు దొరకడమే కష్టం. నర్సు రోజూ మైదానం నుంచి వచ్చి వెళ్తే, రాత్రి నొప్పులు మొదలైన గర్భిణికీ పాము కరిచిన రైతుకూ ఆసుపత్రి తలుపు తీసేదెవరు? ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల సిబ్బందికి అక్కడే ఇళ్లుండాలని ఆరోగ్య సేవలపై వేసిన భోర్ కమిటీ 1946లోనే చెప్పింది. 2022 ఏప్రిల్ 4న సీతంపేట కొత్త పార్వతీపురం మన్యం జిల్లాలో చేరింది. 1950లో శ్రీకాకుళానికి ఎదురైన ప్రశ్నే ఇప్పుడు పార్వతీపురం ముందుంది: వచ్చిన ఉద్యోగి ఎక్కడుండాలి?