లారీ దొర మత్తు, నా బిడ్డ కాన్పు

పెద్ద అంబర్‌పేట్‌లో మా అమ్మమ్మ కాన్పులన్నీ ఇంట్లోనే. మంత్రసాని చెయ్యి, నులకమంచం పట్టె, అంతే ఆసరా. అప్పటికే పట్నానికి మత్తు పాతబడింది. 1847లో ఎడిన్‌బరోలో డాక్టర్ సింప్సన్ కాన్పుకు క్లోరోఫామ్ వాడాడు. 1888, 1889లలో హైదరాబాద్‌లో డాక్టర్ ఎడ్వర్డ్ లారీ దాని భద్రత తేల్చడానికి రెండు కమిషన్లు నడిపాడు, రెండోదానికి నిజాం సొమ్ముతో. రూపాబాయి ఫర్దూన్‌జీ మత్తు డాక్టరైంది అక్కడే. లారీ మొండితనం మాత్రం నాకు నచ్చదు: మత్తిచ్చేటప్పుడు ఊపిరి చూసుకుంటే చాలు, గుండెకు భయం లేదన్నాడు. అది తప్పని తర్వాత తేలింది.

ఇప్పుడు కాన్పుకు నడుములో ఇచ్చే మత్తు ఎపిడ్యూరల్. దాని గురించి 1921లో రాసినవాడు స్పెయిన్ సైనిక వైద్యుడు ఫిదెల్ పాజెస్, అదీ ఆపరేషన్ల కోసం. నా బిడ్డ కాన్పుకు ఇచ్చిందీ అదే. తనను వంచి కూర్చోబెట్టి, నడుము దగ్గర సన్నని గొట్టం పెట్టారు. 20 నిమిషాల్లో నొప్పి తగ్గింది, కాళ్లు బరువెక్కాయి. కిందికి దిగుతున్న ఒత్తిడి తెలుస్తూనే ఉందట. మాటిమాటికీ బీపీ చూశారు. తనేమో అన్నం పెట్టరేమని నర్సుతో గొడవ!