హ్రస్వయాత్రలు, దీర్ఘచరిత్ర: రాపా నుయి శిలావిగ్రహాలను చూసినవారి దినచర్యలు (1722–1915)

ప్రవేశిక

పసిఫిక్ మహాసముద్రపు ఆగ్నేయభాగంలో, చిలీ తీరానికి సుమారు 3,500 కిలోమీటర్ల దూరాన ఉన్న అగ్నిపర్వత ద్వీపం రాపా నుయి. విస్తీర్ణం 163 చదరపు కిలోమీటర్లు. ఈస్టర్ ద్వీపమన్న పేరు బయటివారు పెట్టినది. స్థానికులు మోవాయి అని పిలిచే శిలావిగ్రహాలు అక్కడ దాదాపు వెయ్యి ఉన్నాయి. నేడు ఆ ద్వీపానికి వెళ్లదలచినవారు సాంటియాగో నుంచి ఐదు గంటలకు పైగా విమానప్రయాణం చేయాలి. స్థానిక నివాసులు కానివారు 30 రోజులకు మించి ఉండరాదని 2018లో చిలీ ప్రభుత్వం శాసనం అమలుచేసింది. అయితే ఆ గడువు పూర్తిగా వాడుకునే సందర్శకులు అరుదు. నాలుగు రోజులో ఐదు రోజులో కేటాయించి, ఒకరోజు రానో రరాకు రాతిగని, ఒకరోజు తొంగరికి వేదిక, ఒక సాయంత్రం ఒరోంగో శిఖరం అని పట్టిక వేసుకోవటం పరిపాటి.

ఈ వ్యాసకర్త అటువంటి పట్టిక ఒకటి వేసుకునే ప్రయత్నంలో పూర్వ సందర్శకుల రచనలు చదవటం జరిగింది. యాత్ర ఇంకా జరగలేదు. కాని ఆ చదువులో ఒక విషయం స్పష్టమైంది. రాపా నుయి గురించి లోకానికి తెలిసిన చరిత్రలో అధికభాగం కొద్దిరోజులు మాత్రమే ఉండి వెళ్లినవారు రాసినది. ప్రయాణపట్టికను కూడా చారిత్రక పత్రంగా చదవవచ్చునని, ఎవరు ఎన్ని రోజులున్నారు అనేదానికన్నా ఆ రోజుల్లో ఎవరితో, ఎవరి ద్వారా మాట్లాడారు అనేది వారి రచనల విలువను నిర్ణయించిందని నిరూపించటం ఈ వ్యాసం ఉద్దేశం. యాత్రాసాహిత్యాన్ని, మౌఖికసాహిత్య సేకరణను అధ్యయనం చేసే తెలుగు పరిశోధకులకు ఈ ప్రశ్న పరాయిది కాదు.

ఒక పగలు, ఆరు రోజులు, నాలుగు రోజులు

డచ్చి నావికుడు జేకబ్ రొగెవీన్ మూడు ఓడలతో 1722 ఏప్రిల్ 5న, ఈస్టర్ ఆదివారం నాడు, ద్వీపాన్ని చూశాడు. గాలివానల వల్ల ఒడ్డుకు దిగింది 10వ తేదీన. ఆ ఒక్క పగటిలో అతని మనుషులు తుపాకులు పేల్చి సుమారు పదిమందిని చంపారు. ఆ పగటిలోనే అతడు విగ్రహాలనూ చూశాడు. వాటిని బంకమట్టితో చేసి, పైన చిన్న గులకరాళ్లు పొదిగారని తీర్మానించాడు. రానో రరాకు రాయి అగ్నిపర్వతపు బూడిద గట్టిపడి ఏర్పడినది; అందులో రాతిముక్కలు ఇరుక్కుని ఉంటాయి. గాలికీ వానకూ పైపొర అరిగినచోట చూస్తే అలా భ్రమపడటం అసహజం కాదు. కాని ఆ భ్రమను తొలగించగలవారు పక్కనే ఉన్నారు. అంతకుముందే తుపాకులు పేలినందున అడగటానికి నోరు లేకపోయింది.

1770 నవంబరులో స్పెయిన్ నౌకాధికారి ఫెలిపె గొన్సాలెస్ రెండు ఓడలతో వచ్చి ఆరు రోజులున్నాడు. ఆ బృందంలోని ఒకరు పలుగువంటి పనిముట్టుతో విగ్రహాన్ని కొట్టి చూడగా నిప్పురవ్వలు లేచాయి. మట్టి కాదు, రాయే అని తేలింది. పరీక్ష మెచ్చదగినదే. అయితే ఆ ఆరు రోజుల ప్రధానకార్యం వేరు. తూర్పుకొనలో మూడు శిలువలు నాటి, ద్వీపం తమ రాజుకు చెందినదని పత్రం రాసి, ద్వీపవాసుల చేత దానిమీద గుర్తులు పెట్టించారు. ఆ పత్రంలో ఏమున్నదో గుర్తులు పెట్టినవారికి తెలిసే మార్గం లేదు.

1774 మార్చిలో వచ్చిన జేమ్స్ కుక్ నాలుగైదు రోజులకు మించి ఉండలేదు. లంగరు వేయటానికి అనువైన రేవు లేదు, మంచినీరు సరిగా దొరకలేదు, కుక్ స్వయంగా అనారోగ్యంతో ఉన్నాడు. అయినా ఆ రెండు శతాబ్దాల హ్రస్వయాత్రలలో అత్యంత విలువైన సమాచారం ఇతని రచనలోనే ఉన్నది. విగ్రహాలకు పేర్లున్నాయని అతడు గమనించాడు. కొన్ని పేర్లను తన చెవికి వినిపించినట్లు రాసుకున్నాడు. ఆ పేర్లకు ముందు విగ్రహమని అర్థమిచ్చే మాటను, కొన్నిటికి చివర అరికి, అంటే నాయకుడు, అనే మాటను చేరుస్తున్నారని కూడా నమోదుచేశాడు. ఇవి పూజలందుకునే దేవతలు కావనీ, వంశాలకు చెందిన సమాధిస్థలాలనీ ఊహించాడు. నేటి పురావస్తు పరిశోధన మోవాయిలను పూర్వికులైన నాయకుల ప్రతిరూపాలుగానే గుర్తిస్తున్నది.

నాలుగు రోజుల్లో ఇది ఎలా సాధ్యమైంది? ఓడలో బోరా బోరా ద్వీపానికి చెందిన మహినే అనే యువకుడున్నాడు. అతని భాష, రాపా నుయి భాష ఒకే కుటుంబానికి చెందినవి. అన్ని మాటలూ అర్థం కాకపోయినా కొన్నైనా అర్థమయ్యాయి. అంకెలు, సంబంధవాచకాలు, పేర్లు పోల్చుకోవటం వల్లనే ఈ ప్రజలు పశ్చిమాన ఉన్న ద్వీపవాసుల సంతతి అని కుక్ బృందం గ్రహించింది. 1786 ఏప్రిల్‌లో లా పెరూజ్ ఒడ్డున గడిపింది ఒక్కరోజుకు మించదు. కొలతలు తీయించాడు, బొమ్మలు గీయించాడు, మేకలనూ గొర్రెలనూ విత్తనాలనూ ఇచ్చాడు. పేర్లు మాత్రం లేవు.

1862 తరువాత

ఇక్కడ ఒక విరామం అవసరం. తరువాతి సందర్శకులు చూసినది కుక్ చూసిన సమాజం కాదు. 1862–63లో పెరూ నుంచి వచ్చిన బానిస వర్తకుల ఓడలు సుమారు 1,400 మందిని ఎత్తుకుపోయాయి. బతికి తిరిగివచ్చిన కొద్దిమందితో మశూచి వచ్చింది. 1877 నాటికి ద్వీపంలో మిగిలినవారు 111 మంది. పలకలమీద చెక్కిన రోంగోరోంగో లిపిని చదవగలిగినవారు ఈ పదిహేనేళ్లలోనే దాదాపు అంతరించారు. 1864లో వచ్చిన తొలి క్రైస్తవ ప్రచారకుడు ఎయిరో ఇంటింటా ఇటువంటి పలకలున్నాయని రాశాడు. నేడు లోకంలో మిగిలినవి రెండు డజన్లకు అటూఇటూ.

ఈ దశలోనే 1868 నవంబరులో బ్రిటిష్ నౌకాదళపు టోపాజ్ ఓడ వచ్చి ఒరోంగోలోని హోవా హకననాయియ అనే విగ్రహాన్ని తీసుకుపోయింది. విక్టోరియా రాణికి సమర్పించగా, ఆమె 1869లో బ్రిటిష్ మ్యూజియానికి ఇచ్చింది. ఆ విగ్రహాన్ని తిరిగి ఇమ్మని ద్వీపవాసులు ఇప్పటికీ అడుగుతున్నారు. విగ్రహాల వింతను వర్ణించే గ్రంథాలు ఈ 111 అనే సంఖ్యను అధోజ్ఞాపికకు నెట్టటం ఈ వ్యాసకర్తకు సమంజసంగా తోచదు. చెప్పగలిగినవారు లేకుండాపోవటానికి కారణం ఉన్నచోట దాన్ని రహస్యమనటం మాటల పొదుపు కాదు, విషయపు దాపరికం.

థామ్సన్, ఊరె వయె ఇకో

1886 డిసెంబరులో అమెరికా నౌక మొహికన్ వచ్చింది. ఉన్నది రెండు వారాలకు లోపే. నౌకలో ఖజానాధికారిగా ఉన్న విలియం థామ్సన్ పరిశోధన బాధ్యత వహించాడు. ప్రణాళిక ప్రకారం ద్వీపం చుట్టూ తిరిగి 555 విగ్రహాలను, వందకు పైగా వేదికలను లెక్కించాడు. 1891లో ప్రచురితమైన అతని నివేదిక ఈ ద్వీపంపై తొలి శాస్త్రీయ సర్వేగా నేటికీ ఉదహరింపబడుతున్నది. అంత తక్కువ కాలంలో అంత పని చేసిన మరొక సందర్శకుడు లేడు. కాని అతని పట్టికలో రాళ్లతోపాటు మరొక అంశం ఉన్నది: పలకలలో ఏమున్నదో తెలుసుకోవటం.

ద్వీపంలో ఊరె వయె ఇకో అనే వృద్ధుడున్నాడు. పలకల పాఠాలు తెలిసినవాడని ప్రతీతి. ఆయన క్రైస్తవం స్వీకరించినవాడు. పాత పలకలను ముట్టుకోవటాన్ని మతాధికారులు నిషేధించారు. ముట్టుకుంటే తన పరలోకానికి భంగమని ఆయన నమ్మాడు. బహుమానాలు చూపినా ఒప్పుకోలేదు. ఓడ వెళ్లేదాకా కనబడకుండా ఉందామని కొండల్లోకి పోయాడు. గాలివాన రాత్రి ఒకటి ఆయన తన ఇంటికి చేరగా, థామ్సన్ బృందం అక్కడికి వెళ్లింది. మద్యం పోశారు. పలకలను కాక, తహితిలో బిషప్ జోస్సాన్ సేకరించిన పలకల ఛాయాచిత్రాలను ముందుంచారు. పలకను ముట్టుకోలేదు గనుక నియమం తప్పలేదన్న మాట. ఆయన చదవటం మొదలుపెట్టాడు.

ఆ రాత్రి నమోదైన పాఠాలలో అతువా మతా రిరి ముఖ్యమైనది. ఫలానా దేవుడు ఫలానాదానితో కూడగా ఫలానాది పుట్టింది అనే వాక్యనిర్మాణం పునరావృతమవుతూ సృష్టిక్రమాన్ని చెప్పే వంశావళి అది. ఆయన చూపు అక్షరాల వెంట నడవటం లేదనీ, చేతిలోని చిత్రాన్ని మార్చినా పాఠం ఆగలేదనీ థామ్సన్ బృందమే గమనించింది. ఈ సంగతిని దాచకుండా రాసినందుకు థామ్సన్‌ను అభినందించాలి. పాఠాన్ని రాసుకుని అనువదించినది అలెగ్జాండర్ సామన్. తహితి తల్లికి, ఆంగ్లేయ తండ్రికి పుట్టి, అప్పుడు ద్వీపంలోని గొర్రెల క్షేత్రాన్ని చూస్తున్నవాడు. అందువల్ల లిఖితపాఠంలో తహితి మాటలు కలిశాయి. ఏది వృద్ధుడి మాట, ఏది లేఖకుడి మాట అని వేరుచేయటానికి భాషావేత్తలు నేటికీ శ్రమిస్తున్నారు. ఇరవయ్యో శతాబ్దిలో రోంగోరోంగోను చదివామన్నవారిలో కొందరు ఈ రాత్రి పాఠాన్నే ఆధారంగా తీసుకున్నారు. ఆ ప్రతిపాదనలేవీ సర్వామోదం పొందలేదు.

పాఠపరిష్కరణ తెలిసినవారికి ఇక్కడి లోపం వెంటనే తడుతుంది. సి. పి. బ్రౌన్ వేమన పద్యాలను 1829లో ప్రకటించటానికి ముందు అనేక ప్రతులు తెప్పించి, పండితుల సాయంతో పోల్చి చూశాడు. ఒక వక్త, ఒక లేఖకుడు, ఒక రాత్రి అనేది పాఠానికి ఆధారం కాజాలదు. వక్త వద్దన్నాడన్నది అంతకన్నా పెద్ద విషయం. వద్దన్న మాట కూడా పాఠంలో భాగమే. ఊరె వయె ఇకో కొండల్లోకి పోయాడన్న వాక్యం లేకుండా అతువా మతా రిరిని ఉదహరించటం ఆ పాఠాన్ని సగమే ఉదహరించటం.

ఈ మాట ఇతరులకు చెప్పే అర్హత ఈ వ్యాసకర్తకు పూర్తిగా లేదు. పెళ్లిపాటల సేకరణకై ఒక గ్రామంలో రెండు రోజులు తిరిగిన సందర్భంలో అప్పగింతల పాట కావాలని ఒక అవ్వను పదేపదే అడగటం జరిగింది. ఆమె చివరికి ఒక పాట పాడింది. దాన్ని రాసుకుని, అప్పగింతల పాటగా నమోదుచేసి తిరిగిరావటమూ జరిగింది. ఏడాది తరువాత మళ్లీ వెళ్లినప్పుడు, "పెళ్లి లేని ఇంట అది పాడకూడదు నాయనా, నువ్వు వదలకపోతే వేరే పాట పాడి పంపించా" అని ఆమె నవ్వుతూ చెప్పింది. సిద్ధాంతవ్యాసపు అనుబంధంలో ఆ పాట శీర్షిక మార్చవలసివచ్చింది.

దీర్ఘవాసం, ఆలస్యం

అయితే ఎక్కువ రోజులుంటే చాలునా? ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే నుంచి 1831 సెప్టెంబరు వరకు సాగించిన కాశీయాత్రను దినచర్యగా రాశాడు. మజిలీ మజిలీకీ దారి, నీరు, దొరికే సరుకు, మాట్లాడే భాష అన్నీ అందులో ఉన్నాయి. ఆయన మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీ. ఒకరి మాటను మరొకరికి చేర్చటంలో ఎంత జారిపోతుందో వృత్తిరీత్యా ఎరిగినవాడు. ఆయన గ్రంథపు నిశితత్వానికి పదిహేను నెలల కాలంతో పాటు ఈ వృత్తి కూడా కారణమని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

దాదాపు అంతే కాలం, 1914 మార్చి నుంచి 1915 ఆగస్టు వరకు సాగిన యాత్ర, రాపా నుయిలో కేథరీన్ రౌట్లెడ్జ్‌ది. హువాన్ తెపానో అనే ద్వీపవాసి తోడుగా ఆమె వృద్ధుల ఇళ్లకు వెళ్లి వంశాల పేర్లు, భూముల హద్దులు, పక్షిమానవుడి పోటీ వివరాలు సేకరించింది. ఆ గుర్తింపుల వల్లనే ఏ వేదిక ఏ వంశానిదో నేడు చెప్పగలుగుతున్నారు. లిపి తెలిసిన తొమెనికా అప్పటికి కుష్ఠురోగుల నివాసంలో ఉన్నాడు. ఆమె అక్కడికి వెళ్లి, అతని చేత కొన్ని గుర్తులు రాయించుకున్నది. మాటలు తడబడుతుండగా అతడు చెప్పగలిగినంత చెప్పి, కొద్ది రోజులకే మరణించాడు. కాలం పుష్కలంగా ఉన్నా, అడగవలసిన మనుషులు లేరు. విచిత్రమేమంటే 1919లో ఆమె ప్రకటించిన గ్రంథం శీర్షికలోనూ రహస్యం అనే మాటే ఉన్నది.

ఇక ద్వీపంలో అడుగుపెట్టవలసిన అవసరమే లేని పద్ధతి కూడా ఒకటుంది. 1932లో గియోమ్ ద హెవెసి రోంగోరోంగో గుర్తులను సింధులోయ ముద్రికల గుర్తులతో పోల్చి సామ్యం చూపాడు. రెండింటి మధ్య వేల సంవత్సరాల ఎడం, సగం భూగోళపు దూరం. ద్వీపంలో నెలల తరబడి పనిచేసిన మెత్రో దీన్ని ఖండించాడు. మనదేశంలో ఈ సామ్యం ఇప్పటికీ అప్పుడప్పుడు వినబడుతుంది.

నేటి పట్టిక

2017 నుంచి ఆ ద్వీపపు జాతీయ ఉద్యానం నిర్వహణ మౌ హెనువా అనే స్థానిక సంస్థ చేతిలో ఉన్నది. ప్రవేశపత్రం పది రోజులు చెల్లుతుంది. రానో రరాకుకు, ఒరోంగోకు మాత్రం ఒక్కసారే అనుమతి. చాలా స్థలాలకు స్థానిక మార్గదర్శి తోడు తప్పనిసరి. ఈ నిబంధనను కొందరు యాత్రికులు అదనపు ఖర్చుగా భావిస్తారు. పైన చెప్పిన చరిత్ర చదివినవారికి అది అలా కనబడదు. మహినే వంటివాడు ఓడలో ఉండటం కుక్ అదృష్టం. నేడు ఆ అదృష్టాన్ని నిబంధనగా మార్చారు.

నాలుగు రోజుల పట్టికలో ఈ వ్యాసకర్త చేసుకున్న మార్పు చిన్నది. తొలిరోజు రానో రరాకుకు బదులు హంగా రోవాలోని సెబాస్టియన్ ఎంగ్లెర్ట్ మ్యూజియం. 1935 నుంచి 1969 వరకు ద్వీపంలో నివసించి విగ్రహాలకు సంఖ్యలు వేసిన మతాధికారి పేరిట ఏర్పడినది అది. 1978లో అనకెనాలో దొరికిన, తెల్లని పగడంతో చేసిన మోవాయి కన్ను అక్కడ ఉన్నది. అసలు రోంగోరోంగో పలక ఒక్కటీ ద్వీపంలో మిగలలేదు. వాటిని చూడాలంటే రోము, సెంట్ పీటర్స్‌బర్గ్, వాషింగ్టన్, లండన్, సాంటియాగో నగరాలకు వేరే పట్టిక వేసుకోవాలి. రెండవరోజు మార్గదర్శితో రాతిగని. అక్కడ దాదాపు 400 విగ్రహాలు చెక్కుడు వివిధ దశల్లో ఆగి నిలిచి ఉన్నాయి. వాటిలో వేటికి ఇంకా పేర్లు చెబుతున్నారన్నది అడగవలసిన మొదటి ప్రశ్న. చెప్పకపోతే ఆ సంగతిని కూడా తేదీతో రాసుకోవాలి.