హైదరాబాదులో అంటువ్యాధుల నియంత్రణ (1918–1939)

రెండు ప్రపంచ యుద్ధాల మధ్య కాలంలో నిజాం రాజధానిలో ప్లేగు, కలరా, మశూచి, మలేరియాలను అదుపు చేయడానికి సాగిన ప్రయత్నాలు. వీటికి పునాది అంతకు ముందే పడింది. 1908 మూసీ వరద తరువాత 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి మండలి ఇరుకు బస్తీలను తొలగించి, గాలీ వెలుతురూ వచ్చే ఇళ్లు కట్టించింది.

రోగులను విడిగా ఉంచేందుకు ఎర్రమన్నుమలో 1915లో వెలసిన క్వారంటైన్ ఆస్పత్రి 1923లో నల్లకుంటకు మారింది. జనం నోట అది కోరంటి దవాఖానా. నేటి ఫీవర్ ఆస్పత్రి అదే. తరువాత దానికి రోనాల్డ్ రాస్ పేరు పెట్టారు. దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని ఆయన 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులోనే గుర్తించాడు మరి. రాజధాని బయట, నిజామాబాదు దగ్గరి డిచ్‌పల్లిలో ఇసబెల్ కెర్ నడిపిన కుష్ఠు వైద్యశాల చాల్‌మూగ్రా జాతి నూనె సూదిమందుతో పేరు పొందింది.

అయితే కలరా వంటి నీటి జబ్బుల విషయంలో ఆస్పత్రుల కన్నా జలాశయాలే ముఖ్యమనాలి. మూసీపై ఉస్మాన్ సాగర్ (గండిపేట) 1920లో, ఈసీపై హిమాయత్ సాగర్ 1927లో పూర్తయ్యాయి. వరదను ఆపడంతో పాటు ఊరికి తాగునీరు ఇవ్వడం వాటి పని.